ఒకే డబ్బా గోలీలు

పటాన్‌చెరులో మందుగోలీల ప్యాకింగ్ లైన్ మీద పని చేసే మా ఆడవాళ్ళకు ఒక చాదస్తం ఉంటుంది. ఇంట్లో కారం సీసా కానీ, పప్పు డబ్బా కానీ, ఒకటి ఖాళీ అయ్యేదాకా రెండోదాని మూత తీయం. మూత తీస్తే గాలి తగులుతుంది, తేమ పడుతుంది, సరుకు చెడుతుంది. లైన్ మీద రోజంతా మేం చేసేది అదే కదా. గోలీలు డబ్బాలో పడగానే తేమ పీల్చే చిన్న పొట్లం వేయడం, మూతికి వెండి రేకు అతికిందో లేదో చూడడం, మూత బిగించడం. అవసరం లేకుండా ఆ రేకు చింపినవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా జీవితంలో జరిగిన పెద్ద మంచి ఈ చాదస్తం పుణ్యమా అనే జరిగింది.

నాకు హెచ్‌ఐవీ ఉంది. ఈ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ ఇబ్బంది ఉండదు. మొదటి భర్త కొన్నేళ్ళు బొంబాయిలో పని చేసి వచ్చాడు, తెచ్చిన సామానులో ఇదీ ఒకటి. ఆయన పోయాక సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ పక్క మా ఊరి నుంచి పటాన్‌చెరు వచ్చి, కిరాయి గదిలో దిగి, మందుల కంపెనీలో చేరాను. నా మందుల కోసం నెలనెలా సంగారెడ్డిలో సెంటర్‌కు పోయేదాన్ని. అక్కడ బెంచీ మీద ఒకరోజు, పుల్లలా ఉన్న ఒక మనిషి జాంపండ్ల సంచీతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏదో కంపెనీలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాడట.

"నువ్వేడ పని చేస్తవ్?" అని అడిగాడు.

"గోలీల ప్యాకింగ్‌ల. ఇప్పుడు మనకిచ్చే గోలీ సుత మా లైన్ మీదికెళ్ళే పోతది," అన్నాను కొంచెం గొప్పగా.

"గట్లనా! అయితే ఇన్ని దినాల సంది నీ చేతి గోలీ తినే బతుకుతున్న అన్నట్టు," అని సంచీలోంచి పెద్ద జాంపండు తీసి నా చేతిలో పెట్టాడు.

నా లెక్కలో పెళ్ళి అప్పుడే అయిపోయింది. తంతు తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. ఇద్దరిదీ ఒకటే రోగం, ఒకటే మందు, దాచుకునేదేమీ లేని సంసారం. ఇంతకంటే ఈడూజోడూ ఎక్కడ దొరుకుతుంది?

ఆ గోలీలో మూడు మందులు కలిసి ఉండేవి. పడుకునే ముందు వేసుకోవాలి, ఎందుకంటే అందులో ఒక మందుకు తల తిరుగుతుంది. పైగా దానికి రంగురంగుల కలలొస్తాయి. మా ఇద్దరికీ వచ్చేవి. సెంటర్‌లో చాలామంది ఆ కలలకు జడిసేవాళ్ళు కానీ మాకు మాత్రం అవి పొద్దున చాయ్‌లోకి బిస్కెట్లు. ఆయన కలలో ఫోర్క్‌లిఫ్ట్‌కు రెక్కలొచ్చి రింగు రోడ్డు మీద ఎగిరేది. నా కలలో లైన్ మీద డబ్బాలకు బదులు కోడిపిల్లలు వస్తుండేవి, ఒక్కోదానికీ మూత బిగించబోతే అవి నా వేలు పొడిచేవి. "గోలీ ఏసుకుంటె సినిమా టికెట్ సుత ఫిరీ," అనేవాడు మా ఆయన. నవ్వి నవ్వి కంపెనీ బస్సు పోగొట్టుకున్న రోజులున్నాయి.

ఇద్దరికీ చెరో డబ్బా ఇచ్చేవాళ్ళు. నా చాదస్తం కొద్దీ ఒకటే తెరిచేదాన్ని. రాత్రి అన్నాలయ్యాక ఆ డబ్బాలోంచే ఆయనకొకటి, నాకొకటి. అది అయిపోయాకే రెండోదాని రేకు చింపడం. ఒకరు మింగాక రెండోవాళ్ళు మింగేవాళ్ళం. ఒక పూట ఒకరు మరిచిపోదామన్నా రెండోవాళ్ళు మరిచిపోనివ్వరు.

ఆ సంసారంలో నాకున్న కోరిక ఒక్కటే. నాకు బిడ్డ కావాలి. డాక్టరమ్మను అడిగితే ఆమె కాదనలేదు. మా సెంటర్ డాక్టరమ్మ ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి, మా ఊళ్ళ వైపు ఆవిడే.

"ఎందుకు గాదు? మందులు మంచిగ వాడితె బిడ్డకు అంటకుంట కనొచ్చు. కానీ నీ సీడీఫోర్ జెర పెరగాలె. పెరిగి నిలవడాలె. అప్పుడు నేనే చెప్త," అంది.

సీడీఫోర్ అంటే ఒంట్లో కాపలా కాసే కణాల లెక్క. మా ఆయనది చూస్తుండగానే పెరిగింది. పుల్లలాంటి మనిషికి బుగ్గలొచ్చాయి, చొక్కా గుండీలు పట్టకుండా పొట్ట వచ్చింది. నాది పెరగకపోగా మెల్లగా తగ్గుతూ వచ్చింది. నా జాకెట్లు వదులయ్యాయి. వయసేమో ముప్పై అయిదు దాటుతోంది. ప్రతిసారీ డాక్టరమ్మ నా చీటీ చూసి, "ఇంకొన్ని దినాలు ఆగుదాం," అనేది. ఆ మాట విన్న రోజు సంగారెడ్డి నుంచి వచ్చే బస్సులో ఎవరి ఒళ్ళో పసిబిడ్డ ఉన్నా నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

సెంటర్‌లో మాతో మాట్లాడే కౌన్సిలరక్క ఒకసారి గొంతు తగ్గించి అడిగింది. "చెల్లే, నిజం చెప్పు. గోలీలు రోజూ ఏసుకుంటున్నవా? నడుమ నడుమ ఇడిసిపెడ్తున్నవా?"

నాకు కోపం నషాళానికంటింది. గోలీల మధ్యే బతికేదాన్ని, నన్నా అడిగేది! "ఇడిసిపెట్టెటోళ్ళ లెక్క కనవడుతున్ననా అక్కా నేను?" అని అరిచాను. బెంచీ మీద ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె తప్పేం లేదు, ఎవరైనా ముందు అడిగేది అదే. కానీ ఆ రోజు ఆమె ఇచ్చిన మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

కొన్నాళ్ళకు కొత్త పరీక్ష వచ్చింది. రక్తంలో వైరస్ ఎంత ఉందో మిషన్ లెక్కపెడుతుందట. నా రక్తం పంపారు. వచ్చిన జవాబు: వైరస్ అసలు కనిపించలేదు! నేను సెంటర్‌లోనే గంతులేశాను. కౌన్సిలరక్క దగ్గరికి పోయి, "ఇప్పుడేమంటవ్?" అన్నాను. ఆమె పాపం నన్ను గట్టిగా పట్టుకుని నవ్వింది. దారిలో బస్సు దిగి కిలో జిలేబీ కొని వాడకట్టంతా పంచాను. ఏం శుభమని అడిగినవాళ్ళకు మా ఆయనకు ప్రమోషన్ వచ్చిందని చెప్పాం. ఆ సంగతి ఆయన కంపెనీ దాకా పోయి, ఆయన వారం రోజులు అందరికీ చాయ్ తాగించాల్సి వచ్చింది.

జిలేబీ తీపి ఎన్నాళ్ళో నిలవలేదు. తర్వాతి పరీక్షలో సీడీఫోర్ ఇంకా కిందికి జారింది. టీబీ ఉందేమోనని చూశారు, లేదు. ఒంట్లో వైరసే లేదంటోంది మిషన్, మరి కాపలావాళ్ళను తింటున్నది ఎవరు? డాక్టరమ్మకూ అంతుపట్టలేదు. "బిడ్డ ముచ్చట ఇప్పుడు వద్దు," అంది ఈసారి. ఆగుదాం అని కూడా అనలేదు.

నేను ఏడవలేదు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది. తప్పు గోలీదే అయి ఉండాలనిపించింది. నేను రోజూ వేసుకుంటున్నాను, నా ఒళ్ళు చిక్కిపోతోంది, అంటే బ్యాచ్‌లో మందు సరిగా పడడం లేదు! మర్నాడు కంపెనీలో క్వాలిటీ సెక్షన్ సారును పట్టుకున్నాను.

"సార్, గీ గోలీల మందు సక్కగనే పడుతుందా?"

"గా డౌటెందుకొచ్చిందమ్మా నీకు?"

"ఊకెనే అడుగుతున్న సార్. తినెటోళ్ళు పాపం ఎంత ఆశతోని తింటరో."

ఆయన మంచి మనిషి. నా మొహం చూసి ఏమనుకున్నాడో, ఏమీ అడగకుండా గోలీని ఎలా కరిగించి చూస్తారో, మందు ఎంత ఉందో ఎలా తేలుస్తారో ఓపికగా చెప్పాడు. నాకు తప్పు దొరకలేదు. ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా ఆయన చాయ్ పొలమారేలా నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ యవ్వారం. ఒక్క డబ్బాలకెళ్ళే నేను సుత తింటున్న గదనే! గోలీ ఖరాబైతే నా పొట్ట ఏడికెళ్ళొచ్చింది?"

ఆయన నవ్వుతూ అన్న ఈ మాటే మమ్మల్ని గట్టెక్కించింది.

ఆ నెల డాక్టరమ్మ ఇద్దరినీ కలిసి రమ్మంది. మళ్ళీ మొదటి నుంచి అన్నీ అడిగింది. ఏ వేళకు వేసుకుంటారు, తిన్నాకా తినకముందా, వాంతులేమైనా అవుతాయా. మా ఆయన మధ్యలో అందుకున్నాడు. "మేడం, ఈమె ఒక్క పూట సుత తప్పదు, నేను జామీను. ఇద్దరం ఒక్క డబ్బాలకెళ్ళే ఏసుకుంటం. రెండో డబ్బా ఈమె తెరువనియ్యదు, గాలి తాకుతదట."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఒక్క డబ్బా ఇద్దరు తింటున్నరా? బుద్ధుందా మీకు? ఎవరి మందు వాళ్ళది అని ఎన్నిసార్లు చెప్పిన?" అని దులిపేసింది. నేను తల వంచుకున్నాను. మా ఆయన పొట్ట లోపలికి పీల్చుకున్నాడు. తిట్టి తిట్టి ఆమె ఉన్నట్టుండి ఆగింది. ఆయనను చూసింది, నన్ను చూసింది.

"ఒక్క డబ్బా. ఒక్క వేళ. ఈయన గిట్ల అయిండు, నువ్వు గిట్లయినవ్," అంది నెమ్మదిగా. "గోలీ మంచిదే. మిషను మంచిదే. నువ్వూ అబద్ధమాడ్తలేవ్. మరి నీ లోపలున్న పురుగే వేరేదేమో."

అప్పటికప్పుడు లోపలి గదికి తీసుకుపోయి ఇద్దరికీ కొత్తగా రక్తం తీయించింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ళ, మధ్యలో తెల్లని గుండ్రం. దాని మీద మూడు చుక్కలకు చోటుంటుందని చూపించింది. పై చుక్క ఎవరికైనా వస్తుంది, పరీక్ష సరిగా జరిగిందనడానికి అది గుర్తు. కింద ఎడమ పక్క చుక్క వస్తే హెచ్‌ఐవీ ఒకటో రకం, కుడి పక్క వస్తే రెండో రకం. మా ఆయన బిళ్ళ మీద గులాబీ రంగులో ఎడమ చుక్క తేలింది. నా బిళ్ళ మీద, ముగ్గు పెట్టేవాళ్ళు తొందరలో ఒక చుక్క వదిలేసి పక్కది పెట్టినట్టు, కుడి చుక్క వచ్చింది. నేను ఇంకాసేపు చూశాను. ఎడమ పక్క తెల్లగానే ఉండిపోయింది.

"బిమారి ఒక్కటే గానీ పురుగు ఒక్కటి గాదు మీ ఇద్దరిది," అంది డాక్టరమ్మ. రెండో రకం మా దిక్కు చాలా అరుదట. పాజిటివ్ అనగానే ఒకటో రకమే అనుకుంటారు. బొంబాయి వైపు అది కొంచెం ఎక్కువని విని నాకు నవ్వొచ్చింది. సామానులో ఇంత తేడా ఉందని ఎవరికి తెలుసు!

"మరి మిషన్ వైరస్ లేదని చెప్పె?" అన్నాను.

"గా మిషను ఒకటో రకాన్నే లెక్కవెడ్తది. నీ దాన్ని అది గుర్తువట్టదు. నువ్వు ఎదురుంగ నిలవడ్డా అది చూడనట్టే."

"మరి గోలీ?"

"గోలీల మూడు మందులున్నయి గద. అండ్ల ఒకటి, మీకు కలలు తెప్పిస్తది చూడు, అది పోయి కూసునేటందుకు ఒకటో రకం పురుగుల చిన్న సందుంటది. నీ రకంల ఆ సందు తీరే వేరు. మందు పోతది గానీ నిలవడది. మూడు మందులని పేరుకే, నీకు పనికొచ్చేటియి రెండే. రెంటితోని ఆగదిది."

మా నాయన పత్తి వేసేవాడు. పచ్చపురుగు మందు కొడితే గులాబీ పురుగు కాయ లోపల కూర్చుని నవ్వుకునేది. "ముందుగాల పురుగు ఏదో సూడాలె, దాని ఎనక మందు దుకాణం మొగాన పోవాలె," అనేవాడు. డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ నాకు ఆ చేనే కనిపించింది.

వేరే ఎవరైనా అయితే భయపడేవాళ్ళేమో. నాకు మాత్రం పట్టరాని సంతోషం వచ్చింది. నా తప్పు లేదు. నా చేతి గోలీ తప్పు అసలే లేదు. దానికి తగని పురుగును దాని ఎదుట పెట్టారు, అది మాత్రం ఏం చేస్తుంది! మా ఆయన గంభీరంగా మొహం పెట్టి, "ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటరు. ఈమె పురుగు సుత ఈమె లెక్కనే ఉన్నది మేడం," అన్నాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

హైదరాబాద్ పెద్ద ల్యాబ్ కూడా అదే మాట చెప్పాక నా మందు మారింది. ఆ కలల మందు బదులు వేరే జాతి గోలీలు, పొద్దున, సాయంత్రం. చిక్కుడు గింజంత లావు. మొదట్లో కడుపు గడబిడ చేసి, లైన్ సూపర్‌వైజర్ నన్ను చూస్తేనే బాత్రూం వైపు చెయ్యి చూపించేవాడు. దాన్నయినా ఓర్చుకున్నాను. నా మనసుకు కష్టమనిపించినవి రెండు సంగతులు. అరలో రెండు రకాల డబ్బాలు పక్కపక్కన తెరిచి ఉండడం, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టినట్టు. రెండోది, నాకు కలలు ఆగిపోయాయి.

పొద్దున చాయ్ దగ్గర ఆయన తన కల చెప్పి, "నీదేంది?" అని అడిగేవాడు. లేదంటే ఆయన మొహం చిన్నబోతుందని కల్పించడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ ఎడ్లబండి తోలుకుంటూ ముత్తంగి దగ్గరికి వచ్చిందని, బండి నిండా జాంపండ్లని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు ఆయన పట్టేశాడు.

"ఇవి కలలు గావే. కలల మొదలుంటది, ఆఖరుండది. నీ వాటికి మంచి మంచి ఆఖర్లుంటున్నయి."

"ఉంటె ఏమాయె?"

"ఏం లేదు. అన్నిట్ల ఒక పిల్ల ఉంటున్నది," అన్నాడు. ఆ పొద్దున ఇద్దరం చాయ్ చల్లార్చుకుని తాగాం.

కొత్త మందు మొదలుపెట్టాక సీడీఫోర్ ఆగింది, తర్వాత లేచింది, ఆ తర్వాత నిలబడింది. జాకెట్లు మళ్ళీ బిగువయ్యాయి. నా రకాన్ని లెక్కపెట్టే మిషన్ దగ్గర్లో లేదు కాబట్టి డాక్టరమ్మ సీడీఫోర్‌నే మళ్ళీ మళ్ళీ చూసింది. ఒకరోజు నేను అడగకముందే అంది, "ఇగ కానీయుర్రి." ఎప్పుడు ఎలా జాగ్రత్తగా ఉండాలో, ఒకరి రకం ఇంకొకరికి అంటకుండా ఏం చేయాలో మొహమాటం లేకుండా చెప్పింది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పాప పుట్టింది. పుట్టగానే దాని ఏడుపు విని, ఇది నా కోపాన్ని పుణికి పుచ్చుకుందని అర్థమైంది. ఇలాంటి తల్లుల బిడ్డలకు పుట్టిన వెంటనే చుక్కల మందు పోస్తారు. మామూలుగా పోసేది నాకు పనికిరాని ఆ మందుకు చెల్లెలే, మా రకం మీద అదీ పని చేయదు. మా పాపకు వేరే సీసా కావాలి. నర్సు సీసా పట్టుకుని రాగానే నేను మంచం మీద నుంచి లేవబోయాను.

"అక్కా, అది ఏ సీసా? మాది రెండో రకం!"

"పండుకో తల్లీ, పండుకో," అంది ఆమె. "మీ ఆయన నెల దినాల సంది వచ్చిపోయి గదే చెప్పవట్టె. నాకు నిద్రల సుత రెండో రకం, రెండో రకం అని ఇనవడుతున్నది." సీసా నా కళ్ళ ముందు పెట్టి చూపించి, పాప నోట్లో చుక్కలు వేసింది. పాప చప్పరించి మొహం చిట్లించింది. నేను పడుకుని, తనివితీరా ఏడ్చాను.

తర్వాత ఉన్నది ఎదురుచూపు. నెలన్నరకే పసిబిడ్డకు చేసే మిషన్ పరీక్ష ఒకటుంది. మిగతా తల్లులు ఆ జవాబు పట్టుకుని నవ్వుతూ పోయేవాళ్ళు. ఆ మిషన్ కూడా ఒకటో రకాన్నే చూస్తుంది. మా పాపకు ఏడాదిన్నర నిండి, నా రక్తం నుంచి వచ్చిన గుర్తులు దాని ఒంట్లోంచి పోయాక, ఆ బిళ్ళ మీద చుక్కల పరీక్ష చేస్తేనే మాకు జవాబు. పాప బోర్లా పడింది, అంబాడింది, మా ఆయన పొట్ట మీద నిలబడి డాన్సు చేసింది. దానికి జలుబు చేసిన ప్రతిసారీ నా గుండె జారేది.

ఆ మధ్యలోనే కొత్త గోలీ వచ్చింది. డాక్టరమ్మ ఇద్దరినీ పిలిచి చెరో డబ్బా చేతిలో పెట్టింది. "ఈ మందు కూసునే జాగ మీ ఇద్దరి పురుగులల్ల ఉంటది. ఇగ ఇద్దరికీ ఒకటే గోలీ, రోజుకొక్కటే. కానీ డబ్బాలు మాత్రం ఎవరియి వాళ్ళకే. ఇనవడిందా?"

ఇద్దరం బుద్ధిగా తల ఊపాం. ఇంటికి వచ్చాక నేను ఒకే డబ్బా రేకు చింపాను. మా ఆయన చెయ్యి చాపాడు. ఆయనకొకటి, నాకొకటి. అది వేసుకున్నప్పటి నుంచి ఆయనకూ ఆ రంగుల కలలు ఆగిపోయాయి. పొద్దున్నే చాయ్ దగ్గర ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఎగిరే ఫోర్క్‌లిఫ్టులు లేక కూరగాయల గురించి మాట్లాడుకోవాల్సి వచ్చింది.

ఏడాదిన్నర నిండాక పాపను ఎత్తుకుని సంగారెడ్డి పోయాం. అదే గది, అదే రకం బిళ్ళ. పాప వేలు గుచ్చితే బిల్డింగు దద్దరిల్లేలా ఏడ్చింది. పై చుక్క తేలింది. ఎడమ పక్క తెలుపు. కుడి పక్క కూడా తెలుపే. చూసీ చూసీ నా కళ్ళలో నీళ్ళు తిరిగి ఆ ఒక్క చుక్కే రెండుగా కనిపిస్తే హడలిపోయి కళ్ళు తుడుచుకున్నాను. డాక్టరమ్మ పాప బుగ్గ గిల్లి, "ఇది ఏ రకమూ గాదు. వట్టి పిల్ల," అంది. ఈసారి జిలేబీ మూడు కిలోలు. ఏం శుభమని అడిగినవాళ్ళకు, మా బిడ్డ పాసైందని చెప్పాం. ఏం పరీక్ష పాసైందో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అది బడికి పోతోంది. మొన్న పొద్దున నేను కంపెనీ బస్సు కోసం తయారవుతుంటే, కళ్ళు నలుపుకుంటూ వచ్చి మా ఆయన ఒళ్ళో కూలబడింది.

"నాయినా, మా బడి బస్సు లేదూ, దానికి రెక్కలొచ్చినయి. మస్తు పైకి ఎగిరినం. కిందికెళ్ళి మా టీచర్ రమ్మని ఒర్రుతనే ఉన్నది!"

మా ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "ఓ పిల్లా, ఏం గోలీ ఏసుకున్నవే రాత్రి?" అన్నాడు.

పాప ఆయనను వింతగా చూసింది. "నాకేమైందని గోలీ ఏసుకోవాలె?"

"ఏం కాలే బిడ్డా, నీకేం కాలే," అన్నాను. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. నేను చెప్పులు వేసుకుంటూ ఆ మాట ఇంకోసారి అన్నాను.